ఆడబిడ్డ మాట

మాదేపట్టి, పాపారపట్టి తపాలా,
ధర్మపురి జిల్లా.
6 సెప్టెంబరు 1971

పంచవర్ణానికి వదిన గౌరమ్మ రాసేది. ఇక్కడ నేనూ, నీ మేనల్లుడు వీరప్పా ఉన్నాము. బాగున్నామని రాయలేను.

తంతి నీకు ఐదు రోజులు ఆలస్యంగా అందిందనీ, సెలవు దొరకలేదనీ నీ కార్డు చూసి తెలుసుకున్నాను. తోడబుట్టినవాడు పోతే రాని చెల్లెలు ఏం చెల్లెలని నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. సరిహద్దు అవతలి నుంచి జనం తండోపతండాలుగా వచ్చి పడుతుంటే మిలిటరీ నర్సును ఇంటికి పంపుతారా అని నేనే నోరు మూయించాను. మీ అన్నను మామ పక్కనే పూడ్చాము. వీరప్ప చేయాల్సినవన్నీ తప్పు లేకుండా చేశాడు.

ఎలా జరిగిందో ఇంకొకరు చెప్పేకంటే నేనే చెబుతాను. కొండ మీద వంకలో నీళ్ళు తగ్గిపోయాయి. మీ అన్న మంద తోలుకుని పోయేసరికి కొండ అవతలి చిక్కబండ వాళ్ళ మంద అక్కడ ఉంది. ముందు ఎవరి గొర్రెలు తాగాలన్నది మాట. మాటకు మాట పెరిగింది. కెంచమ్మ కొడుకు లింగప్ప దుడ్డుకర్రతో ఒక్కటే దెబ్బ కొట్టాడు. మీ అన్న బండ మీద పడ్డాడు. ఆ లింగప్పే భయపడి సగం కొండ దాకా మీ అన్నను భుజాన మోసుకొచ్చాడట. అది నిజం కాబట్టి రాస్తున్నాను. పోలీసులు పట్టుకుపోయారు. చూశామని చెప్పేవాడు ఒక్కడూ లేక నెలలోపే జామీను మీద ఇంటికొచ్చాడు.

అప్పటి నుంచి కొండ దారి మూసుకుపోయింది. చిక్కబండ వాళ్ళు పరాయివాళ్ళా? మన మాటే మాట్లాడతారు, మన పిల్లలను ఇచ్చాము, వాళ్ళ పిల్లలను తెచ్చుకున్నాము. ఇప్పుడు వాళ్ళ పేరెత్తితే మన కుర్రాళ్ళు ఉమ్ముతున్నారు.

వీరప్పకు పద్దెనిమిది నిండాయి. మాట్లాడడు. తొట్టి పక్కన రాయి మీద కొడవలి నూరుతుంటాడు. పొద్దున నూరిందే మధ్యాహ్నం మళ్ళీ నూరుతాడు. ఎందుకురా అంటే "మేకలకి ఆకు కోయద్దామ్మా" అంటాడు. నాకు భూమీ వద్దు, నీళ్ళూ వద్దు, న్యాయం కూడా వద్దు. ఈ ఒక్కడు బతికి ఉంటే చాలు. వాడు నీ మాట తప్ప ఇంకొకరి మాట వినడు. వాడికి ఏదైనా రాయి. నాకే రాయి, నేను చదివి వినిపిస్తాను. మామ మనిద్దరినీ కూర్చోబెట్టి బూడిదలో దిద్దించిన తెలుగు అక్షరాలు ఈ ఊళ్ళో ఇంకెవరికీ రావు కదా. మగపిల్లలంతా అరవ బడికే పోయారు. నాకేమో అరవం నోటికి వస్తుంది గాని, రాసి ఉంటే ఒక్క అక్షరం పోల్చుకోలేను.

నీ వదిన
గౌరమ్మ


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
(ఊరి పేరు రాయకూడదు)
2 నవంబరు 1971

వదినకు,

నీ ఉత్తరం సెన్సారు వాళ్ళ దగ్గర ఇరవై రోజులు పడి ఉంది. ధర్మపురి ముద్ర ఉండి లోపల తెలుగు ఉండేసరికి వాళ్ళకు అనుమానం. చివరికి నెల్లూరు సుబేదారొకాయన చదివి, నా చేతికిస్తూ తల వంచుకుని వెళ్ళిపోయాడు.

రోజంతా గుడారాల్లో ఉంటాను. ఇక్కడికి చేరేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. నిన్న ఒకామె బిడ్డను చంకలో పెట్టుకుని వచ్చింది. బిడ్డ పోయి రెండు రోజులైంది. ఇమ్మంటే ఇవ్వదు. నేను పక్కన కూర్చుని మా అన్న పేరు చెప్పి ఏడ్చాను. ఆమె నా ముఖం చూసి బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు.

ఆ లింగప్ప అన్నను మోసుకొచ్చాడని ఎందుకు రాశావు? నన్ను మెత్తబరచడానికా? నేను మెత్తబడను. నన్ను నర్సు చదువుకు పంపవద్దని ఊరంతా అడ్డం పడితే, అన్న నన్ను బస్సెక్కించి, కిటికీ పట్టుకుని పాపారపట్టి చివరిదాకా పరుగెత్తాడు. ఆ చేతి వేళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి.

వీరప్పకు ఇది చదివి వినిపించు. అత్త వచ్చేదాకా కొండ ఎక్కవద్దు. నీకేమైనా అయితే అత్త ఇక్కడ ఒక్కరోజు కూడా బతకదు.

పంచవర్ణం


మాదేపట్టి
24 జనవరి 1972

పంచవర్ణానికి,

యుద్ధం అయిపోయిందని పాపారపట్టి కాఫీ అంగడి రేడియోలో విని, నువ్వు ప్రాణాలతో ఉన్నావని నీ కార్డు వచ్చాక నమ్మాను. ఆ రోజు పాయసం వండాను. వీరప్ప రెండు గిన్నెలు తిన్నాడు.

నీకు ఒక చావు గురించీ ఒక పని గురించీ చెప్పాలి. మన ఎదురింటి మాదమ్మాళ్‌కు మార్గశిరంలో నొప్పులొచ్చాయి. రెండు పగళ్ళు అవస్థ పడింది. మంత్రసాని కెంచమ్మ కొండకు అవతల, అరగంట నడకలో ఉంది. నిన్నూ వీరప్పనూ ఈ ఊళ్ళో సగం మందినీ చేతుల్లోకి అందుకున్న మనిషి. ఇప్పుడు ఆమె లింగప్ప తల్లి. పిలుచుకురావడానికి ఒక్క మగాడూ కదల్లేదు. చిక్కబండ పొలిమేర తొక్కితే పరువు పోతుందట. బండి కట్టి ధర్మపురి ఆసుపత్రికి బయలుదేరితే పాపారపట్టి దాటకముందే తల్లీ బిడ్డా పోయారు.

ఆ వారం సంతకు నేను చింతపండు గంప ఎత్తుకుని పోయాను. అమ్మడానికి కాదు. కెంచమ్మ పక్కన చోటు చూసుకుని కూర్చున్నాను. ఆమె తలెత్తలేదు.

"నా కొడుకు నీ తాళి తెంపినాడు. నా మొగం ఎట్ల చూస్తా ఉండావు గౌరీ" అనింది.

"నీ మొగం చూసేకి రాలేదు. మాకు నీ చేతులు కావల్ల" అన్నాను.

అప్పుడు ఇద్దరమూ ఏడ్చాము. బేరానికి వచ్చినవాళ్ళు గంపలు చూసి, మమ్మల్ని చూసి తప్పుకుపోయారు. మరుసటి సంతకు వాళ్ళ వైపు నుంచి ఐదుగురు, మన వైపు నుంచి ఆరుగురు చేరాము. పొద్దున వంక వాళ్ళది, మధ్యాహ్నం నుంచి మనది. మంత్రసాని ఎవరు పిలిచినా పోవాలి, ఎవరూ ఆపకూడదు. మగవాళ్ళు ఐదు నెలలుగా తేల్చలేనిది చింతగింజలు తీస్తూ నాలుగు సంతల్లో తేల్చేశాము. తర్వాత ఎవరి మగవాళ్ళ చెవిన వాళ్ళు వేశాము. చావిడిలో పంచాయతీ పెట్టారు. మమ్మల్ని గోడ బయట నిలబెట్టారు. మన పెద్దమనిషి ఓబప్ప మీసం దువ్వుకుంటూ మేము చెప్పిన మాటలనే మాకు తీర్పుగా వినిపించాడు. మీ అన్న పోయాక నాకు మొదటిసారి నవ్వొచ్చింది. ఢిల్లీలో దేశానికి దేశం ఒక ఆడమనిషి మాట మీద నడుస్తోందట, ఇక్కడ మేము గడప దాటితే చావిడి మైలపడుతుంది.

ఇక పగ దింపడం ఒకటి మిగిలింది. నీ చిన్నప్పుడు ఒక్కసారి జరిగింది, నీకు గుర్తుందో లేదో. పోయినవాడి పెళ్ళాం కొట్టినవాడి దోసిట్లో అంబలి పోయాలి. అది నా వంతు, పోస్తాను. దానికి ముందు ఇంటి ఆడబిడ్డ నలుగురిలో నిలబడి 'మా పుట్టింటి పగ దింపుతున్నాను' అనాలి. దూరాన ఉంటే ఆమె మాట తెప్పించి వినిపించాలి. ఆడబిడ్డ మాట లేకుండా పోస్తే అది ఉత్త అంబలి, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఒకసారి దిగాక మాత్రం కత్తి ఎత్తినవాడు మాట తప్పినవాడు. వాడు చస్తే ఏడవకూడదు, మనవాళ్ళ మధ్య పూడ్చకూడదు, పేరు ఎత్తకూడదు. వాడి కోసం పగబట్టే హక్కు ఎవరికీ ఉండదు. అంత గట్టిది కాబట్టే నాకది కావాలి. దానివల్ల నా కొడుకు ఇంట్లో ఉంటాడు.

వీరప్పను అడిగాను. "అత్త సరే అంటే నాకూ సరే" అన్నాడు. కొడవలి చూరులో పెట్టాడు. నీ మాట పంపించు తల్లీ.

గౌరమ్మ


రాంచీ
16 ఫిబ్రవరి 1972

వదినా,

మమ్మల్ని ఇక్కడి ఆసుపత్రికి మార్చారు. నా వార్డులో ముప్ఫై ఇద్దరు ఖైదీలు, అందరూ అవతలి సైన్యంవాళ్ళు. మనవాళ్ళ మీద తుపాకులు పేల్చినవాళ్ళు. వాళ్ళకు కట్లు మారుస్తాను, గంజి తాగిస్తాను, జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తాను. ఇది చదివి నువ్వు ఏమంటావో నాకు తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. అది నా ఉద్యోగం. వాళ్ళలో ఎవడూ నా అన్నను చంపలేదు.

నేను చదువుకు పోయిన రోజున ఓబప్ప ఏమన్నాడో మరిచిపోయావా? మగ రోగులను తాకే ఆడది ఈ ఊరి ఆడబిడ్డ కాదన్నాడు. మనవాళ్ళ పెళ్ళిళ్ళలో కూడా తాంబూలం నాకు విడిగా ఇచ్చారు. పదేళ్ళు నేను ఎవరికీ ఆడబిడ్డను కాను. ఇప్పుడు వాళ్ళకు నీళ్ళు కావాలి, మంత్రసాని కావాలి, అందుకని నేను ఆడబిడ్డనైపోయాను. నా మాట కావలసి వచ్చింది. నన్ను అడిగి సంధి మొదలుపెట్టారా? అన్న రక్తానికి ఖరీదు వంక నీళ్ళా?

మాదమ్మాళ్ సంగతి చదివి అన్నం తినలేకపోయాను. అయినా నా మాట ఇదే. దింపను. నువ్వు పోస్తానంటే పోసుకో, నా నోటి నుంచి ఆ మాట రాదు. ఈ ఉత్తరమే చావిడిలో చదివి వినిపించు.

పంచవర్ణం


మాదేపట్టి
30 మార్చి 1972

పంచవర్ణానికి వదిన రాసేది.

నీ ఉత్తరం అందింది. చదివాను.

ఇక్కడ అన్నీ సర్దుకున్నాయి. పెద్దవాళ్ళు ఏదో ఒక దారి చూశారు, నువ్వు దాని గురించి మనసు పాడుచేసుకోకు. కొండ దారి మళ్ళీ నడుస్తోంది. మన మంద మధ్యాహ్నం పైకి పోతోంది. కెంచమ్మ ఈ నెలలో రెండుసార్లు మన ఊరికి వచ్చి రెండు కాన్పులు చేసింది. రెండూ మగపిల్లలే, ఇద్దరూ గొంతు చించుకుని ఏడుస్తున్నారు.

వీరప్ప లావయ్యాడు. మొన్న సంతలో అద్దం కొన్నాడు. ఎందుకురా అంటే గొర్రెలకు చూపించడానికట. హరూర్ వైపు ఒక పిల్ల ఉందని చెబుతున్నారు. నువ్వు వచ్చి చూసి సరేనంటేనే మాట కలుపుతాను. ఆ పిల్లకు కుట్టుపని వచ్చునట. మన ఇంట్లో చింపేవాళ్ళే గాని కుట్టేవాళ్ళు లేరు కదా.

నువ్వు వార్డులో వాళ్ళకు గంజి తాగిస్తున్నానని రాశావు. మంచిది. చేతికి చలవ.

వాడికి ఏమైనా చెప్పాలంటే నాకే రాయి. ఎప్పటిలాగే నేను చదివి చెబుతాను.

గౌరమ్మ


రాంచీ
20 జూన్ 1972

వదినా,

నిన్న సెంగోడన్ అనే జవాను నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. హరూర్ అతను. వాళ్ళ అక్కను చిక్కబండలో ఇచ్చారు. సెలవు మీద పోయి వచ్చాడు. నాకు చేతులెత్తి దండం పెట్టాడు. మీ మాట విని రెండు ఊళ్ళూ ఏడ్చాయి సిస్టర్, మా అక్క ఇప్పటికీ ఆ మాటలు చెప్పుకుంటుంది అన్నాడు. ఏ మాటలని అడిగాను. అతను అప్పజెప్పాడు.

'రక్తం అడిగినవాళ్ళు పోతారు, ఇచ్చినవాళ్ళు పోతారు, కడిగేవాళ్ళం మేమే మిగులుతాము. నా అన్నను పోగొట్టుకున్నాను. నా మేనల్లుణ్ణి పోగొట్టుకోలేను. మా పుట్టింటి పగ దింపుతున్నాను.'

నేను రాయని ఉత్తరం నాకంటే చాలా బాగా రాశావు. నా ఉత్తరాన్నే చేతిలో పట్టుకుని చదివావట. ఎవరికీ అక్షరం రాదన్న ధైర్యం కదా? లింగప్ప తాగాడు, వీరప్పను పక్కన కూర్చోబెట్టి వాడి చేత కూడా తాగించావు. నాకేమో అద్దాల సంగతి, పెళ్ళి సంబంధాల సంగతి రాశావు.

ఊరు నన్ను ఆడబిడ్డ కాదన్నది. నువ్వు అంతకంటే పెద్ద పని చేశావు. నా నోరు తీసుకుని నీ మాట పలికించావు.

అందుకే ఈ రోజే వీరప్పకు వేరే ఉత్తరం వేశాను. అరవంలో. నర్సు చదువులో నేర్చుకున్న అరవమే. వాడే చదువుకోగలడు, నీ చేతుల మీదుగా పోనక్కరలేదు. ఏదో చేసెయ్యమని నేను రాయలేదు. అత్త ఒప్పుకోలేదు, నీకు వినిపించింది అత్త మాట కాదు అని మాత్రం రాశాను. మీ నాన్న కొడుకుగా నీకు నిజం తెలియాలి అని రాశాను. అంతే.

పంచవర్ణం


రాంచీ
5 జూలై 1972

వదినా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. పదిహేను రోజులుగా నిద్ర లేదు.

పోయిన వారం రెడ్‌క్రాస్ వాళ్ళ తరఫున ఒక తెల్లావిడ వచ్చింది. నీ వయసే ఉంటుంది. ఖైదీల పక్కలు చూసింది, మందుల చీటీలు చూసింది, వంటింట్లోకి పోయి ప్రతి గుండిగలోనూ గరిటె పెట్టి రుచి చూసింది. మా దేశం తరఫునా, వాళ్ళ దేశం తరఫునా అని అడిగాను. నేనెవరి తరఫునా కాదమ్మా, అందుకే ఇద్దరూ నన్ను లోపలికి రానిస్తారు అంది. ఆమె వెళ్ళిపోయాక నువ్వు చింతపండు గంపతో కెంచమ్మ పక్కన కూర్చోవడం తలుచుకున్నాను. నువ్వు మన ఇంటి కోడలివి, పోయినవాడి పెళ్ళానివి. తరఫు లేకుండా కూర్చోవడం నీకెంత కష్టమై ఉంటుందో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

పదకొండో మంచం మీద ఒక హవల్దారు ఉన్నాడు. ఎడమ కాలు తీసేశారు. మా నాన్న వయసు. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి ఎందుకని అడిగాడు. అన్న పోయాడన్నాను. "మావాళ్ళ చేతిలోనా బేటీ" అని గంజి గిన్నె కింద పెట్టేశాడు. కాదు, మా పక్క ఊరివాడే అన్నాను. మరి నాకు తాగించే గంజి వాడికెందుకు పోయవని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. ఆ కుర్రాడికి తల్లి ఉందా అని మాత్రం అడిగాడు. ఉంది, నన్ను పుట్టించిన చేతులు ఆమెవే అని చెప్పబోయి చెప్పలేకపోయాను. గిన్నె ఆయన చేతికిచ్చి బయటికి వచ్చేశాను.

సిమ్లాలో రెండు దేశాల పెద్దలు ఒప్పందం చేసుకున్నారని మొన్న రేడియోలో చెప్పారు. వార్డంతా విన్నది. వాళ్ళు ఇళ్ళకు పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో గాని, తల్లుల పేర్లు చెప్పుకుని ఏడ్చారు. నేనూ వాళ్ళతోపాటే ఏడ్చాను.

వదినా, నువ్వు చదివిన మాటలు నా మాటలే. ఆ రోజు నేను రాయలేకపోయాను, నువ్వు రాశావు. ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను: మా పుట్టింటి పగ దింపుతున్నాను. వీరప్ప కోసం ఇదే మాట అరవంలో రాసి ఇందులో పెట్టాను. నా పాత ఉత్తరం వాడి దగ్గర తీసుకుని కాల్చెయ్యి. అత్తకు మతిపోయి రాసిందని చెప్పు. వాడు నవ్వుతాడు.

సెలవు అడిగాను. ఆగస్టులో ఇస్తామన్నారు. హరూర్ పిల్లను చూడడానికి పోదాం.

నీ పంచవర్ణం


మాదేపట్టి
20 జూలై 1972

పంచవర్ణానికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. నువ్వు వాడికి రాసినదీ అందింది. జూన్‌లో వేసిన రెండూ ఒకే రోజు, జూన్ ఇరవై తొమ్మిదిన వచ్చాయి. తపాలా అతను రెండు కవర్లు చేతిలో పెట్టాడు. ఒకదాని మీద చిరునామా కూడా అరవమే, నాకు తెలియలేదు. ఇది వీరప్పకమ్మా అన్నాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. అత్త వాడికి వేరుగా రాసిందంటే, నా మీద కోపం పోయి వాడి పెళ్ళి సంగతి రాసి ఉంటుందనుకున్నాను. మంద దగ్గరికి నడిచి పోయి నా చేత్తో వాడి చేతికిచ్చాను. "మీ అత్త నీకే రాసింది, చదువు" అన్నాను.

వాడు చదివాడు. రెండోసారి చదివాడు. నేను వాడి ముఖం చూస్తూ నిలబడ్డాను. ఏం రాసిందిరా అన్నాను.

"బాగుండాదంట. నిన్ను అడిగినానని చెప్పమనింది" అన్నాడు.

వాడు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. అందుకని నమ్మాను. నాకు రాసినదాన్ని రవికలో దోపుకుని ఇంటికి వచ్చి, సంగటి కెలికి, కోళ్ళకు గింజలు వేసి, అప్పుడు తీరికగా చదవడానికి కూర్చున్నాను. సగం చదివి లేచాను. చూరులో కొడవలి లేదు.

చిక్కబండలో వాణ్ణి ఎవరూ ఆపలేదు. పగ దిగిన ఇల్లు కదా. కెంచమ్మ "రా నాయనా, అంబలి తాగు" అని గిన్నె తెచ్చిందట. వాడు గిన్నె అందుకోలేదు. లింగప్ప దొడ్డిలో గొర్రెకు ఉన్ని కత్తిరిస్తున్నాడు. మనవాడు అతని భుజం మీద నరికాడు. లింగప్ప తమ్ముడు గుంజ పెరికి మనవాడి తల మీద కొట్టాడు. నేను కొండ దిగేసరికి వాడు కెంచమ్మ ఒళ్ళో ఉన్నాడు. బండిలో వాడి కాళ్ళ దగ్గర నేను, తల దగ్గర ఆమె. పాపారపట్టి రాకముందే అయిపోయింది. వాడు కెంచమ్మను ఒక్కసారి చూశాడు. లింగప్ప బతికాడు, చెయ్యి ఎత్తలేడు.

నీ అరవ ఉత్తరం వాడి మొలలో ఉంది. కెంచమ్మ అటు తిరిగినప్పుడు తీసి దాచాను. ఇంటికి వచ్చి పొయ్యిలో వేశాను.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు. మన వాకిట్లో ఐదుగురు కుర్రాళ్ళు కొడవళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఓబప్ప వచ్చాడు. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నేను నిజం చెప్పవచ్చు. ఆడబిడ్డ ఒప్పుకోలేదు, నేను తప్పుగా చదివాను, వాడికి అది తెలిసి పోయాడు అని చెప్పవచ్చు. అప్పుడు పగ దిగనే లేదని తేలుతుంది, వాడు మాట తప్పినవాడు కాకుండా పోతాడు. వాణ్ణి వాళ్ళ నాన్న పక్కన పూడ్చుకోవచ్చు, నేను గుండెలు బాదుకుని ఏడవచ్చు. ఆ ఐదుగురూ వెంటనే కొండ ఎక్కుతారు. వాళ్ళ వెనక ఐదుగురు తల్లులు ఉన్నారు. అవతల ఎందరున్నారో నాకు పేరు పేరునా తెలుసు. వాళ్ళతో చింతగింజలు తీశాను.

"నా కొడుకు అంబలి తాగి మాట తప్పినాడు. వాడి కోసరం ఎవురూ కొండ ఎక్కొద్దు" అన్నాను.

ఓబప్ప ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను. కుర్రాళ్ళు ఇళ్ళకు పోయారు. వాణ్ణి పొలిమేర అవతల, వంక గట్టు మీద పూడ్చారు. ఆడవాళ్ళు రాకూడదు కాబట్టి నేను పోలేదు. ఎవరూ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మాట తప్పినవాడికి తంతి కొట్టరు, అందుకే నీకు కొట్టలేదు.

వాడు పోయిన పన్నెండో నాడు, ఏ కర్మా లేని పన్నెండో నాడు, నీ మూడో ఉత్తరం వచ్చింది. మంచి ఉత్తరం. రెండుసార్లు చదివాను. లోపల పెట్టిన అరవం కాగితం ఎవరికిచ్చి చదివించుకోను? పెట్టెలో పెట్టాను.

నిన్ను తిట్టడానికి మాటలు వెతికాను. దొరికాయి కూడా. కానీ నీకు నిజం రాసే ధైర్యం లేక నేను అద్దం సంగతి రాశాను. నిజం రాసి ఉంటే నీ కోపం నాకు ముందే తెలిసేది, ఆ కవరు వాడి చేతికిచ్చేదాన్ని కాదు. నీ దగ్గర దాచిన దానికి నా కొడుకును ఇచ్చుకున్నాను. నువ్వు నిజం రాశావు, నేను అబద్ధం చదివాను, ఎవరి పాపం ఎంతో నాకు తెలియడం లేదు. తెలిసినా వాడు రాడు.

పోయిన వారం మన పళనియమ్మాళ్‌కు నొప్పులొస్తే కెంచమ్మ వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఆడపిల్ల పుట్టింది. పని అయ్యాక కెంచమ్మ మన ఇంటి ముందు నిలబడింది. లోపలికి రమ్మన్నాను. వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆగస్టులో రా. ఊళ్ళో ఎవరైనా వీరప్ప మాట ఎత్తితే, మా మేనల్లుడు మాట తప్పినాడని నువ్వు కూడా అనాలి. నా ఎదుటే అనాలి. ముఖం మారకూడదు. అనలేనంటే రావద్దు.

వాడు మాట తప్పినవాడు కాదు. అది ఈ లోకంలో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకు ఈ మధ్య ఆయాసం వస్తోంది, కొండ ఎక్కలేకపోతున్నాను. నేను పోయాక అది నీ ఒక్కదానికే తెలుసు. అందుకని వేళకు తిను. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకో.

గౌరమ్మ